అరిగిన ప్యాడ్‌ను చదివే చేయి

బ్రేకు పని బాగా తెలిసిన మేస్త్రీ విప్పిన ప్యాడ్లను మూలకు విసిరెయ్యడు. కుడి చక్రం లోపలిది, బయటిది, ఎడమ చక్రం లోపలిది, బయటిది అని వరస తప్పకుండా పాత గోనెపట్టా మీద పరుస్తాడు. వాటిని తిప్పి తిప్పి చూశాకే డిస్కు జోలికి వెళ్తాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాల్లో రోడ్డువారన రేకుల షెడ్ల కింద ఈ పని చేసేవాళ్లున్నారు. స్కార్పియో, థార్, బొలెరో క్యాంపర్, ఫార్చ్యూనర్ లాంటి బరువైన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ప్యాడ్లు ఎప్పుడు మార్చాలి, డిస్కులు ఎప్పుడు మార్చాలి అని అడిగితే చాలామంది కిలోమీటర్ల లెక్క చెప్తారు. నిజమైన పనివాడు ఆ లెక్క చెప్పడు. చక్రం విప్పి చూసి చెప్తానంటాడు. అలా అనడంలో ఎంత విద్య దాగుందో కొంచెం దగ్గరగా చూద్దాం.

ముందు బ్రేకు మీద పడే భారం సంగతి. మనుషులు, సామాను ఎక్కాక ఇలాంటి బండి రెండున్నర టన్నులకు అటూ ఇటూ తూగుతుంది. అది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు గేదె అడ్డమొచ్చిందనుకోండి. ఆగేలోపు బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 6 లక్షల జౌళ్లు. 30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీళ్లను మరిగేదాకా తేవడానికి సరిపోయే వేడి అది. ఆ వేడంతా మూడు నాలుగు సెకన్లలో పుడుతుంది, అందులో సగానికి చాలా ఎక్కువ భాగం ముందు చక్రాల రెండు డిస్కులే భరించాలి, ఎందుకంటే బ్రేకు నొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది. వేగం సగమై 40కి తగ్గితే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఎంత దూరం తిరిగింది అన్నదానికంటే ఎంత బరువుతో, ఎంత వేగం నుంచి, ఎన్నిసార్లు ఆగింది అన్నదే ప్యాడ్ ఆయుష్షును తేలుస్తుంది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు చక్రాలూ లాగే బండి బురదలోంచి బయటపడటంలో గొప్పదే గానీ, ఆగడంలో దానికి ప్రత్యేక వరమేమీ లేదు. ఆగేటప్పుడు ప్రతి బండికీ నాలుగు చక్రాలే, నాలుగు బ్రేకులే.

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి జిల్లాలైన ఈ మూడుచోట్లా నేల వేరు, దారులు వేరు, కాబట్టి బ్రేకు అరిగే తీరూ వేరు. జనగామ మీదుగా హైదరాబాద్–వరంగల్ రహదారి పోతుంది, ఇప్పటి లెక్కలో 163వ నంబరు జాతీయ రహదారి. అక్కడి బండ్లకు దుమ్ము తక్కువ, వేగం ఎక్కువ. ఊరి మలుపు దగ్గర ట్రాక్టరో మోటారు సైకిలో అడ్డొస్తే ఉన్నట్టుండి గట్టిగా నొక్కాలి. ఆ ప్యాడ్లు విప్పితే పైభాగం అద్దంలా మెరుస్తూ, అంచులు వేడికి పగిలి కనిపిస్తాయి. మానుకోట, అంటే మహబూబాబాద్ వైపు ఎర్ర చెలకలు, వరి మళ్లు. దమ్ము చేసిన మడి గట్టు దాకా వెళ్లొచ్చిన బండికి మెత్తటి బంకమట్టి క్యాలిపర్ సందుల్లోకి దూరి ఎండిపోతుంది. పై నుంచి నీళ్లు కొట్టి కడిగితే ఆ మట్టి రాదు.

భూపాలపల్లిది మరో కథ. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లోకి దిగే క్యాంపర్ల ప్యాడ్లు, డిస్కులు చూస్తే గీతలే గీతలు. నల్లటి బొగ్గు దుమ్మే ఇదంతా చేసిందని చాలామంది అనుకుంటారు. బొగ్గు మెత్తటిది, పోత ఇనుమును అంతగా గీయలేదు. గీసేది బొగ్గు పైనున్న ఇసుకరాయి. గోదావరి లోయ పొడవునా బొగ్గు పొరల మీద పరుచుకున్న ఆ రాయిని తవ్వి పోస్తున్నప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. అవి ఇనుముకంటే గట్టివి. ప్యాడ్‌లో ఒక్క రేణువు ఇరుక్కుంటే చాలు, చక్రం తిరిగినంతసేపూ డిస్కు మీద అదే చోట గాడి కోస్తుంది. దానికి తోడు గనిలో దిగుడు. గని రోడ్లు మామూలుగా 16 మీటర్లకు 1 మీటరుకంటే ఎక్కువ వాలు ఉండకూడదని బొగ్గు గనుల నిబంధన. ఆ వాలులో 800 మీటర్లు దిగితే బండి 50 మీటర్ల లోతుకు చేరుతుంది. ఆ దిగుడులో రెండున్నర టన్నుల బండి వదిలే శక్తి, ఇందాక చెప్పిన 80 నుంచి ఆగేటప్పటి శక్తికి రెండింతలు. దాన్ని ఇంజను పట్టి ఆపాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ‘లో’ గేరు వేసి దిగితే ఇంజను పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది, పాదం బ్రేకు మీద పెట్టే పని చాలావరకు తప్పుతుంది. న్యూట్రల్‌లో జారుకుంటూ దిగే డ్రైవరు ప్యాడ్లను మేస్త్రీ చూసిన క్షణంలోనే పట్టేస్తాడు. శ్రీశైలం వెళ్లొచ్చిన జనగామ బండి విషయంలోనూ అంతే. ఈగలపెంట నుంచి డ్యాం దాకా ఏ గేరులో దిగారో ప్యాడ్ రంగు చెప్పేస్తుంది.

ఇప్పుడు గోనెపట్టా మీది ప్యాడ్ల దగ్గరికి వద్దాం. కొత్త ప్యాడ్‌కు లైనింగ్ మందం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని వెనకాల ఇనుప పలక ఉంటుంది. నేర్చుకునే కుర్రవాళ్లు మొదట్లో ఆ పలకను కూడా కలిపి కొలుస్తారు, ఇంకా బోలెడు ఉందనుకుంటారు. మేస్త్రీ పలకను వదిలేసి లైనింగ్‌ను మాత్రమే, అదీ అన్నిటికంటే పలచగా ఉన్నచోట కొలుస్తాడు. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. కొన్ని కంపెనీల పుస్తకాలు అంతకంటే తక్కువ దాకా వాడుకోవచ్చంటాయి. బరువైన బండి విషయంలో నేను మేస్త్రీల పక్షమే. లైనింగ్ పలచబడే కొద్దీ వేడి పలక గుండా పిస్టన్‌కూ, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కూ త్వరగా చేరుతుంది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు లేస్తాయి, పెడల్ నేలదాకా దిగిపోతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 రకం 230 డిగ్రీలు తట్టుకోవాలి. గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానికి ఉంది కాబట్టి, తేమ పట్టాక ఆ హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. రెండేళ్లుగా ఆయిల్ మార్చని బండికి పలచటి ప్యాడ్లు ఉంటే ఆ రెండు లోపాలూ ఒకే ఘాట్ రోడ్డులో ఒకదానికొకటి తోడవుతాయి.

ప్యాడ్‌కు అతికించిన చిన్న రేకు ఒకటి, లైనింగ్ 2 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు డిస్కుకు తగిలి కీచుమంటుంది. బ్రేకు నొక్కకపోయినా చక్రం తిరుగుతుంటే వినిపించే సన్నటి కూత అది. అది వినపడిన వారంలోపల షెడ్డుకు రావాలి. కూతతో పాటు గరగరమనే చప్పుడు మొదలైతే లైనింగ్ అయిపోయి ఇనుప పలక డిస్కును కోస్తున్నట్టు. అప్పుడిక డిస్కు గురించి మాట్లాడుకోవాల్సిందేమీ మిగలదు.

మందం ఒక్కటే అయితే స్కేలు చాలు, మేస్త్రీ అక్కర్లేదు. ఎలా అరిగింది అన్నదాని దగ్గరే పనితనం బయటపడుతుంది. లోపలి ప్యాడ్ 2 మిల్లీమీటర్లు, బయటి ప్యాడ్ 6 మిల్లీమీటర్లు ఉందంటే క్యాలిపర్ పక్కకు జరగడం లేదని అర్థం. చాలా బండ్లలో క్యాలిపర్ రెండు పిన్నుల మీద ఇటూ అటూ జరుగుతూ రెండు ప్యాడ్లనూ సమంగా నొక్కాలి. పిన్ను తుప్పుపట్టో, రబ్బరు తొడుగు చిరిగి మట్టి దూరో బిగుసుకుంటే పిస్టన్ ఉన్న వైపు ప్యాడే పనంతా చేస్తుంది. మానుకోట మట్టికి ఇది అలవాటైన జబ్బు. రెండు ప్యాడ్లూ సమంగా ఉండి కుడి చక్రానివి మాత్రమే అయిపోయాయంటే అనుమానం పిస్టన్ మీదికో, బ్రేకు హోస్ పైపు మీదికో పోవాలి. పాత హోస్ లోపల ఉబ్బితే పెడల్ నొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిస్తుంది, వదిలాక వెనక్కి రానివ్వదు. ఆ చక్రం బ్రేకు పట్టుకునే తిరుగుతుంటుంది. ప్యాడ్ ఒక కొస పలచగా, మరో కొస మందంగా ఏటవాలుగా అరిగితే క్యాలిపర్ మెలితిరిగి కూర్చుంటోందని గుర్తు. ఒక ప్యాడ్ మీద జిడ్డు కనిపిస్తే హబ్బు సీలు కారుతోందేమో చూడాలి. వీటిలో ఏ ఒక్కటీ సరిచేయకుండా కొత్త ప్యాడ్లు తొడిగితే, కొత్తవి కూడా పాతవాటి దారిలోనే పోతాయి. ప్యాడ్లు వేయడం అరగంట పని, ప్యాడ్లు ఎందుకలా అరిగాయో కనుక్కోవడం పూటంతా పట్టే పని. బిల్లులో మాత్రం రెండూ ఒకే వరసలో కనిపిస్తాయి, అదే నాకు బాధగా ఉంటుంది.

డిస్కు దగ్గర మరింత నేర్పు కావాలి. వాడిన డిస్కు అంచున ప్యాడ్ తగలని చోట ఒక గట్టు మిగిలిపోతుంది. మామూలు వెర్నియర్ పెట్టి కొలిస్తే దాని దవడలు ఆ గట్టు మీదే కూర్చుంటాయి, అరిగిన లోపలి భాగం మందం చెప్పవు. ఆ కొలతను నమ్మినవాడు మంచిగా ఉందనే అనుకుంటాడు. తెలిసినవాడు మైక్రోమీటరును గట్టు దాటించి, అంచు నుంచి సుమారు 10 మిల్లీమీటర్ల లోపల పెట్టి, డిస్కును తిప్పుతూ ఆరేడు చోట్ల కొలుస్తాడు. మైక్రోమీటరు లేని షెడ్డులో వెర్నియర్ రెండు దవడల కిందా రెండు సమాన మందం నాణేలు పెట్టి గట్టును తప్పించి, తర్వాత నాణేల మందం తీసేస్తారు. ఆ ఉపాయాన్ని మొదట కనిపెట్టిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

చాలా డిస్కుల మీద కనీస మందం ఎంతో అచ్చయి ఉంటుంది. తుప్పు గీకితే కనిపిస్తుంది. ఆ అంకెను చాలామంది అపార్థం చేసుకుంటారు. అంతదాకా వాడుకోవచ్చని కాదు, అక్కడికి చేరితే పారేయాలని. ఉదాహరణకు టొయోటా ల్యాండ్ క్రూజర్ 100 శ్రేణి ముందు డిస్కు కొత్తది 32 మిల్లీమీటర్లు, పారేయాల్సిన మందం 30. రెండున్నర టన్నుల బండికి, ఇద్దరి జీవితకాలం నడుస్తుందని పేరుపడ్డ బండికి, అరగడానికి ఇచ్చిన వాటా రెండంటే రెండే మిల్లీమీటర్లు, ఒక్కో ముఖానికి ఒకటి. మన దగ్గరి బండ్లలోనూ ఆ వాటా ఇంచుమించు ఇంతే. ఇప్పుడు లెక్క చూడండి. మొదటి సెట్టు ప్యాడ్లు అయిపోయేసరికి డిస్కు 31.2 దగ్గర ఉంటే 0.8 అరిగింది. రెండో సెట్టు కూడా అలాగే అరిగిస్తే 30.4 దగ్గర ఆగుతుంది, కాబట్టి ఈసారికి డిస్కు ఉంచవచ్చు. అదే 30.6 దగ్గర ఉంటే ఇప్పటికింకా హద్దు దాటకపోయినా, కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే దాటుతుంది. కొత్త ప్యాడ్లతో పాటే ఇప్పుడే డిస్కులూ మార్చాలి. ఇవాళ్టి కొలతను కాకుండా రేపు ప్యాడ్లు అయిపోయేనాటి కొలతను చూసి నిర్ణయించడం, నాకు తెలిసి ఈ వృత్తిలో అన్నిటికంటే గొప్ప ముందుచూపు. ‘అన్నా, ప్యాడ్లు ఏస్తే సాలదా, డిస్కులు ఇంకా మంచిగనే ఉన్నయి గద’ అని అడిగే బండి ఓనరుకు మంచి మేస్త్రీ ఈ లెక్కను నేల మీద సుద్దతో రాసి చూపిస్తాడు. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు కూడా మార్చమనేవాడిని, ఏనాడూ మార్చొద్దనేవాడిని నేను ఒకే గాటన కడతాను. ఇద్దరూ కొలవడం లేదు.

పలచటి డిస్కుతో అసలు ముప్పేమిటంటే, వేడిని దాచుకునే ఇనుము తగ్గిపోతుంది. ముందు డిస్కులు రెండు పలకల మధ్య సన్నటి రెక్కలు ఉన్న పోత వస్తువులు. చక్రం తిరుగుతుంటే ఆ రెక్కల మధ్యగా గాలి లోపలి నుంచి బయటికి తోసుకుపోతూ వేడిని లాక్కుపోతుంది. ఇంత సన్నటి పనిని పోత ఇనుములో తెచ్చిన ఫౌండ్రీవాళ్ల నైపుణ్యం వేరే వ్యాసానికి సరిపోయేది. బూడిదరంగు పోత ఇనుమునే ఎందుకు ఎంచుకున్నారంటే అందులోని గ్రాఫైటు పొరలు వేడిని త్వరగా పంచుతాయి, అదురును మింగుతాయి. ఆ ఇనుము పలచబడితే అదే బ్రేకుకు ఎక్కువ వేడెక్కుతుంది, నీలిరంగు మచ్చలు పడతాయి, సన్నటి పగుళ్లు అంచుదాకా పాకుతాయి. పగులు అంచును చేరితే మందంతో పనిలేదు, డిస్కు మార్చాల్సిందే. పైగా ప్యాడ్ కూడా పలచబడి ఉంటే పిస్టన్ బాగా బయటికి తన్నుకొస్తుంది, సీలు పట్టు తప్పి ఆయిల్ కారవచ్చు.

బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణుకుతుందంటే చాలామంది డిస్కు వంగిందంటారు. ఎక్కువసార్లు వంపు కారణం కాదు. చక్రం ఒక చుట్టు తిరిగేలోపు డిస్కు మందంలో మిల్లీమీటరులో 50వ వంతు తేడా ఉంటే చాలు, కాలికీ చేతికీ తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఆ తేడా డిస్కులో కూడా ఉండదు, దాని వెనక హబ్బు మీది తుప్పులో ఉంటుంది. హబ్బు ముఖం మీద తుప్పు రేకు అంత మందాన మిగిలితే, అక్కడి నుంచి రెట్టింపు దూరంలో ఉన్న డిస్కు అంచుకు చేరేసరికి ఆ ఒంపు కూడా దాదాపు రెట్టింపవుతుంది. చాలా కంపెనీలు డిస్కు ఊగుడుకు ఇచ్చే హద్దు 0.05 మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందుకే కొత్త డిస్కు ఎక్కించేముందు హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో, తర్వాత ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది, ఇత్తడి రేకును సుత్తితో నగిషీగా మలిచే ఊరు. ఆ ఊరి చేతులకు పేరొచ్చింది, భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. హబ్బు ముఖాన్ని ఎవరికీ కనిపించకుండా చదును చేసే చేతి ఓపిక ఆ చేతుల ఓపికకు తీసిపోదు.

గీతలు పడ్డ డిస్కును లేత్ మీద చదును చేయించడం ఒక మార్గం. రెండు షరతులు తప్పవు. చదును చేశాక కూడా కనీస మందానికి పైన తగినంత మిగలాలి, ఒకే యాక్సిల్‌కు రెండు వైపులా సమంగా చేయాలి. గని బండి డిస్కు మీద గోరు ఇరుక్కునేంత లోతు గాళ్లుంటే ఈ షరతులు నెరవేరవు. వేలి గోరును డిస్కు మీద అడ్డంగా లాగి చూడటం పాత అలవాటు. లెక్కకు అది చాలదు గానీ, మైక్రోమీటరు తీయాలా వద్దా అని చెప్పడానికి చాలు.

బిగింపులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త మందపాటి ప్యాడ్లకు చోటివ్వడానికి పిస్టన్‌ను వెనక్కి నొక్కేముందు, క్యాలిపర్ మీది బ్లీడింగ్ నిప్పిల్ తెరిచి పైపు తగిలించి మురికి ఆయిల్‌ను బయటికి వదిలేస్తారు. అలా చేయకపోతే ఆ మురికి వెనక్కి పోయి ఏబీఎస్ యూనిట్‌లో చేరుతుంది. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు అద్భుతమైన వస్తువు. పెడల్ నొక్కితే పిస్టన్‌తో పాటు కొంచెం మెలితిరుగుతుంది, వదిలితే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్ డిస్కును వదలడానికి ఇంకే స్ప్రింగూ అక్కర్లేదు. ఆ రబ్బరుకు డీజిల్, పెట్రోలు, మామూలు గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. అందుకే పిన్నులకు బ్రేకుల కోసమే తయారైన గ్రీజు మాత్రమే పూయాలి. బ్రేకు దుమ్మును గాలి పైపుతో ఊదడం కూడా మానాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుని తడిపి తుడవాలి. చవక ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. చివరికి వీల్ నట్లు ఎదురెదురుగా, సమంగా బిగించాలి. ఒకటి గట్టిగా ఒకటి వదులుగా బిగిస్తే అంత కష్టపడి చదును చేసిన డిస్కు మళ్లీ ఊగుతుంది.

ఇంకో చిన్న విషయం డ్రైవర్లకు. ప్యాడ్లు అరిగే కొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది సహజం. తగ్గింది కదా అని పైదాకా నింపేస్తే ప్యాడ్ల సంగతి చెప్పే గుర్తు పోతుంది.

ఈ పని వెనక పాత చరిత్రే ఉంది. ఇంగ్లండులో 1897లో హెర్బర్ట్ ఫ్రూడ్ బండి చక్రాలకు బ్రేకు దిమ్మెలు తయారు చేయడం మొదలుపెట్టాడు. 1902లో అక్కడి ఇంజనీరు లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో 1947 నుంచి మహీంద్రా విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఆ జీపుల లైనర్లు మార్చి చేయి తిరిగిన పెద్ద మేస్త్రీల శిష్యులే ఇవాళ ఈ డిస్కులు పట్టుకుంటున్నారు. ఇప్పటికీ క్యాంపర్, థార్ లాంటి బండ్ల వెనక చక్రాలకు డ్రమ్ములే ఉన్నాయి కాబట్టి ఆ పాత విద్య అక్కరకు వస్తూనే ఉంది.

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేశాక అవి ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20 దాకా మెల్లగా తగ్గించడం, మధ్యలో చల్లారనివ్వడం, అలా ఓ పదిసార్లు. వేడి మీదున్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ అలాగే నొక్కి ఉంచకూడదు. అలా చేస్తే ప్యాడ్ పదార్థం ఒకేచోట డిస్కుకు అంటుకుని, తర్వాత అదే వణుకుగా తేలుతుంది. ఈ పనికి జనగామ వాళ్లకు తెల్లవారుజామున హైవే చాలు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే బండ్లకైతే ప్రయాణానికి ముందురోజు ప్యాడ్లు మార్చడం మంచిది కాదు. తాడ్వాయి అడవి దారిలో గంటల తరబడి అడుగు కదలడం, ఆగడం, దుమ్ము, కొత్త ప్యాడ్‌కు మొదటి రోజుల్లో ఇవన్నీ చేటే. రెండు వారాల ముందే మార్పించుకుంటే జాతర నాటికి అలవాటు పడి ఉంటాయి.

వరదకు కిలోమీటర్లతోనూ మిల్లీమీటర్లతోనూ సంబంధం లేదు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరంతా మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వాగులు రైలు పట్టాల కింది కట్టనే కోసేశాయి. అలాంటి నీళ్లలో మునిగిన బండి ప్యాడ్లు ఎంత మందంగా ఉన్నా సరే, నాలుగు చక్రాలూ విప్పాలి. ఒండ్రు పిన్నుల్లోకి, వెనక డ్రమ్ముల్లోకి, బేరింగుల్లోకి వెళ్తుంది. తడి ప్యాడ్ నాలుగు రోజులు కదలకుండా ఉంటే డిస్కుకు తుప్పుతో అతుక్కుంటుంది, విడదీస్తే లైనింగ్ ఊడి డిస్కుతోనే ఉండిపోవచ్చు. హ్యాండ్ బ్రేకు లాగి పెట్టిన వెనక షూలదీ అదే తంతు. తడిసిన బండిని గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టి వదలడమే మేలు.

కొందరు మేస్త్రీలు పని అయిపోయాక బిల్లు వెనక నాలుగు అంకెలు రాసిస్తారు: ఆ రోజు మీటరు రీడింగు, రెండు డిస్కుల మందం, మార్చిన తేదీ. జనగామలో ప్యాడ్లు వేయించుకున్న బండి ఏడాది తర్వాత భూపాలపల్లి షెడ్డులో ఆగినా, ఆ కాగితం ఉంటే అక్కడి మేస్త్రీ కొత్తగా కొలిచి పాత అంకెలోంచి తీసేస్తాడు, ఎన్ని కిలోమీటర్లకు ఎంత అరిగిందో తేలిపోతుంది, ఈ డిస్కు ఇంకో సెట్టు ప్యాడ్లను మోస్తుందో లేదో అక్కడే చెప్పేస్తాడు. మీ మేస్త్రీ రాయకపోతే అడిగి రాయించుకోండి. రాసేవాడు ఆ మాట విని సంతోషిస్తాడు.